పూతను జూచి కాపు చెప్పుట — అమెరికా బేస్‌బాల్ లెక్కల చరిత్ర



మామిడితోటను పూతమీద గుత్తకు పట్టు వర్తకుని మీరెల్లరును జూచియే యుందురు. మాఘమాసమున నతడు తోటలోనికి వచ్చును. చెట్టు చెట్టునకును దిరుగును, కొమ్మల నెత్తి చూచును, నిరుటి కాపెంత యని కావలివాని నడుగును. పూత యంతయు పిందె కాదనియు, పిందె యంతయు కాయ కాదనియు నతడెఱుగును. మంచు కురియవచ్చును, తేనెమంచు పురుగు పట్టవచ్చును, వైశాఖమున గాలివాన రావచ్చును. అయినను చెట్టుక్రింద నిలిచి యతడొక వెల చెప్పితీరవలయును. కాయ పండినపిదప చెప్పెదనన్నచో తోట మఱియొకని పాలగును.

నేడు నేను చెప్పబూనినది యిట్టి యంచనా యొకదాని చరిత్ర. తోట మాత్రము మనది కాదు. అమెరికావారు మిక్కిలి మక్కువతో నాడుకొను బేస్‌బాల్ అను నాట.

నా కుమారుడు చికాగో నగరమున నుద్యోగమందున్నాడు. బడిపని విరమించిన పిమ్మట నొక వేసవి నచ్చట గడపితిని. మనుమనికి పదునొకండేండ్లు. వానికి బాలశిక్ష నేర్పవలయునని నేనును, నాకు బేస్‌బాల్ నేర్పవలయునని వాడును బట్టుపట్టితిమి. వాని పట్టే గెలిచినది. జూలై మాసమున నొకనాడు వాడు యంత్రపు తెర నా కన్నులయెదుట బెట్టి, "తాతయ్యా, మనవాళ్లు పైకి రావడానికి నూటికి రెండుమూడు పాళ్లేనట. ఇంక చూడటం దండగ" అని మొగము వ్రేలవైచెను. ఆటలు చూడబోయిన నింకను రెండు నెలలకు పైగా మిగిలియున్నవి. ఆడని యాటల ఫలమును జెప్పినవాడెవడు? ఏ యాధారమున జెప్పెను? దానిని నమ్మి పిల్లవాడు చూచుట మానుకొనవలసినదేనా? ఈ ప్రశ్నలవెంట బోగా నాకు దెలిసిన సంగతులను మీకు విన్నవించుకొనుచున్నాను.

ఆట యెఱుగనివారి కొక్కమాట. జట్టుకు తొమ్మండుగురు. ఒకడు బంతి విసరును, ఎదుటి జట్టువాడు గుండ్రని కఱ్ఱతో దానిని గొట్టును. కొట్టినవాడు చతురస్రపు నాలుగు మూలలను జుట్టి మొదటిచోటికి జేరెనేని యొక పరుగు. తొమ్మిది వంతులు ముగియునప్పటికి పరుగులెవరి వెక్కువయో వారిది గెలుపు. బిళ్ళంగోడో చిర్రగోనెయో యాడి పెరిగి, క్రికెట్టును జూచినవారికి నింతకంటె వివరమక్కఱలేదు. అయితే యొక విశేషమును మఱవరాదు. పెద్దజట్లు ఏప్రిలు మొదలు సెప్టెంబరు చివరవఱకు నించుమించు ప్రతిదినమును ఆడును. పూర్వము జట్టుకు 154 ఆటలుండెను. 1961, 1962 సంవత్సరములనుండి 162 అయినవి. ఇన్ని యాటలలో నెంతటి జట్టును దఱచుగా నోడును, ఎంతటి జట్టును అప్పుడప్పుడు గెలుచును. ఆ చికాగో నగరపు జట్టులలో నొకటి 2024లో 121 ఆటలోడి యపకీర్తి మూటగట్టుకొనినది. అదియు 41 ఆటలు గెలిచినది. కావున నొక్కనాటి యాటను జూచి బలాబలములు నిర్ణయింపరాదు. అన్నియు ముగిసినపిదప నిర్ణయించిన, దానితో నెవరికిని బనిలేదు. నడుమనే చెప్పవలయును. చిక్కంతయు నిచ్చటనే యున్నది.

ఈ యాటకు లెక్కపుస్తకము దెఱచినవాడు హెన్రీ చాడ్విక్ అను పత్రికారచయిత. 1824లో ఇంగ్లండులోని ఎక్సెటరు పట్టణమున జన్మించి, బాల్యముననే తలిదండ్రులతో బ్రూక్లిన్ చేరెను. క్రికెట్టు లెక్కలు చూచి పెరిగినవాడగుటచే, 1859 ప్రాంతమున బేస్‌బాల్‌కును నట్టి పట్టిక నొకదానిని గల్పించెను. గ్రామకరణము అడంగలులో నూరి సేద్యమంతయు నిమిడినట్లు, ఆ చిన్న పట్టికలో నొకనాటి యాటయంతయు నిమిడిపోయెను. ఆట చూడనివాడును మఱునాడు పత్రిక జదివి, ఎవడెట్లాడెనో తెలిసికొనగలిగెను.

కాని చాడ్విక్ లెక్కలో నొక లోపము గలదు. విసరువాడు గుఱిదప్పి నాలుగు చెడ్డబంతులు విసరినచో, కొట్టువానికి మొదటిమూల యుచితముగా లభించును. చాడ్విక్ దీనిని విసరువాని తప్పుగా నెంచెనే కాని కొట్టువాని నేర్పుగా నెంచలేదు. చెడ్డబంతిని గుర్తించి కఱ్ఱ కదల్పక నిలుచుటయు నేర్పే గదా! ఆ నేర్పునకు పుస్తకములో గడి లేకపోయెను. గడి లేనందున నించుమించు నూఱేండ్లు దాని విలువయు లేకపోయెను. బడిలో మార్కులపట్టిక వ్రాసిన నాబోటివారికి నీ మాట చెప్పిన తోడనే తెలియును.

పట్టిక యుండుటచే నడుమ తీర్పులు చెప్పుట జనుల కలవాటయ్యెను. ఎవరెన్ని గెలిచిరి, ముందున్నవారికంటె నెన్ని యాటలు వెనుకబడిరి — ఇదియే కొలత. ఈ కొలత యెంతటి పెద్దలనైన భంగపఱచినది. 1914లో బోస్టన్ నగరపు బ్రేవ్స్ జట్టు జూలై 4వ తేదీకి 26 గెలిచి, 40 ఓడి, ఎనిమిది జట్లలో నట్టడుగున, ముందువారికి 15 ఆటల వెనుక నుండెను. వారి పని యైపోయినదని లోకమెల్ల ననుకొనెను. తరువాత వారు 68 గెలిచి 19 మాత్రమే యోడిరి. పదియున్నర యాటల యాధిక్యముతో మొదటివారై, ఆపై ప్రపంచమాలిక యనబడు తుదిపోటీలో ఫిలడెల్ఫియా వారిని నాలుగింట నాలుగు నోడించిరి.

1951 నాటి కథ యింతకంటె ప్రసిద్ధము. ఆగస్టు 11న న్యూయార్కు జయంట్స్ జట్టు బ్రూక్లిన్ డాడ్జర్స్ జట్టుకు 13 ఆటలకు పైగా వెనుకబడియుండెను. అచ్చటినుండి తుది 44 ఆటలలో 37 గెలిచి, సరిగా వారితో సమానులై నిలిచిరి. సమానులకు మూడు అదనపు టాటలు పెట్టగా, అక్టోబరు 3న జరిగిన మూడవయాట చివరివంతులో బాబీ థామ్సన్ అనువాడు బంతిని ప్రేక్షకులలో బడగొట్టి జట్టును 5-4 పరుగులతో గెలిపించెను. ఏబదియేండ్లపాటు జనులు దీనిని దైవఘటన యనిరి. 2001లో నొక పత్రికలో నాటి రహస్యము వెలువడెను. జయంట్స్ వారు తమ మైదానపు కొననున్న విడిదిగదిలో దూరదర్శినిని నిలిపి, ఎదుటివారు తమవానికి చేయు చేతిసైగలను బట్టి, రాబోవు బంతి యెట్టిదో ముందుగా తెలిసికొనుచుండిరట! ఆ యేటి జూలైనుండియే యిది జరిగినది. థామ్సన్ తాను కొట్టిన యా బంతికి మాత్ర మట్టి సాయము పొందలేదనెను. ఏమైనను, శకుని పాచికలు సభలోనికి వచ్చెనేని ధర్మరాజు గెలుపోటముల లెక్క యేమి చెప్పగలము? అంచనా లన్నియు పాచికలు సరియైనవే యను నమ్మికపై నిలుచును.

గెలుపోటములు గాక మఱియేదైన లెక్కింపవచ్చునా యని యోచించినవారిలో బ్రాంచ్ రికీ యొకడు. బ్రూక్లిన్ జట్టుకు నధికారిగా నుండి, 1947లో అలన్ రాత్ అను మాంట్రియల్ నివాసిని లెక్కలకొఱకే నెలజీతముపై నియమించెను. అంతకుమున్ను ఏ జట్టునకును నిట్టి యుద్యోగి లేడు. 1954లో రికీ యొక ప్రసిద్ధ పత్రికలో వ్యాసము వ్రాసి, చాడ్విక్ విడిచిన యా యుచితపు మూలకు విలువ గట్టవలయునని వాదించెను. ఆటగాండ్రు నవ్విరి. ఏండ్లతరబడి మైదానమున ధూళి మింగినవారికి కాగితము చేతబట్టినవాడు పాఠము చెప్పుట యెవరికి రుచించును?

ఇక నాకు మిక్కిలి నచ్చిన కథ. కెనడా దేశమున సైనిక గణితవేత్త జార్జి లిండ్సీ యుండెను. ఆట నడుమ నేస్థితిలో నేయెత్తు వేసిన నెంత ఫలమో తేల్చవలెనని యతని కోరిక. అందులకు వందలకొలది యాటల వివరములు — ఎవడు ఏమూల నిలిచియుండగా ఏమి జరిగినదో యంతయు — కావలయును. పత్రికలలో నంతటి వివరముండదు. అప్పుడు వానికి దోడుపడినవాడు కన్నతండ్రి, కర్నలు చార్లెస్ లిండ్సీ. ఆ వృద్ధుడు రేడియో ముందు గూర్చుండి, ప్రసారమగు నాటలను విని, ఒక్కొక్క బంతి ఫలమును గాగితముపై గుర్తించెను. 1959, 1960 సంవత్సరములలో నిట్లు వందలకొలది యాటలు వ్రాసెను. 1963లో కుమారుడు వానినుండి తీసిన ఫలితములను బ్రకటించెను. నేటి లెక్కలకెల్ల నది పునాదిరాళ్లలో నొకటి. రేడియో విను పెద్దవారు కాలక్షేపము చేయుచున్నారని యింటివారు తలచుట కద్దు. అట్టివారి కీ కర్నలుగారి పేరు చెప్పుడు.

పిదప వచ్చినవాడు బిల్ జేమ్స్. కాన్సాస్ రాష్ట్రపు లారెన్సు పట్టణమున, మాంసమును చిక్కుడుగింజలను డబ్బాలకెత్తు కర్మాగారములో రాత్రికావలి యతని యుద్యోగము. దొంగలురాని రాత్రులలో నతడు బేస్‌బాల్ లెక్కలు వేసికొనెను. 1977లో తన వ్రాతలను దానే యచ్చొత్తించి యమ్మెను. అతడు చెప్పిన వానిలో మన ప్రసంగమునకు గావలసిన దొకటి. జట్టు గెలిచిన యాటలను గాక, చేసిన పరుగులను, ఎదుటివారికిచ్చిన పరుగులను జూడుమనెను. చేసిన పరుగుల వర్గమును, ఆ వర్గమునకు ఇచ్చిన పరుగుల వర్గమును గూడగా వచ్చిన మొత్తముతో భాగింపవలయును. వచ్చినదే యా జట్టు గెలువదగిన పాలు. వర్గములుండుటచే దీనికి పైథాగరస్ సూత్రమని హాస్యముగా బేరిడిరి. మన బోధాయనుడు శుల్బసూత్రములలో నా క్షేత్రధర్మమును జెప్పియే యున్నాడు గాని, ఈ తగాదా నిపు డేల?

ఉదాహరణమునకు, నడియేటికి 81 ఆటలాడి, 500 పరుగులు చేసి 400 ఇచ్చిన జట్టొకటి గలదనుకొందము. వర్గములు 2,50,000, 1,60,000. మొత్తము 4,10,000. భాగింపగా నూటికి 61 వచ్చును. అనగా 49 ఆటలు గెలిచియుండవలయును. ఆ జట్టు నిజముగా 42 మాత్రమే గెలిచియుండిన, వెనుక సగములో నది మెఱుగుపడునని జేమ్స్ చెప్పును. ఏలయనగా, ఒక్క పరుగుతో గెలుచుటయో యోడుటయో తఱచుగా నొక గులకరాతిమీద బంతి యెగిరిపడుటపై నాధారపడును. పరుగులు వందలకొలది యుండును గనుక, వానిలో నదృష్టము గొంత సమసిపోవును. చూడగా గెలుపుకంటె పరుగే సత్యమునకు దగ్గఱి చుట్టము.

అయినను దీనికిని భంగము గలదు. 2012లో బాల్టిమోర్ జట్టు ఏడాదియంతకు 712 పరుగులు చేసి 705 ఇచ్చెను. సూత్రము ప్రకారము 82 గెలువవలయును. వారు 93 గెలిచిరి! ఒక్క పరుగు తేడాతో ముగిసిన యాటలలో 29 గెలిచి, 9 మాత్రమే యోడిరి. వేసవిలో వారిని జూచి లెక్కలవారు "నేడో రేపో పడిపోవుదు"రని చెప్పుచునే యుండిరి. సెప్టెంబరు ముగిసినది, వారు పడలేదు.

నా మనుమడు చూపిన "నూటికి రెండుమూడు పాళ్లు" ఎట్లు పుట్టినదనగా: జట్ల బలములను పరుగులనుబట్టియు, ఆటగాండ్ర వెనుకటి చరిత్రమునుబట్టియు నంచనావేసి, మిగిలిన యాటలన్నిటిని యంత్రములో పాచికలువలె వేలకొలది మాఱులు వేయింతురు. అందెన్నిమాఱులు జట్టు పైకివచ్చెనో లెక్కింతురు. నూటికి మూడనగా రాదని యర్థము కాదు. నూఱు మాఱులు వేసిన మూడు మాఱులు వచ్చినదని యర్థము. ఈ భేదమును నేను మనుమనికి బోధింపబోయితిని. వాడు "అంటే రాదనేగా తాతయ్యా" అనెను.

పాచికలన్నంతనే నాకు నలోపాఖ్యానము స్మరణకు వచ్చినది. ఋతుపర్ణమహారాజు బాహుకుడు తోలు రథమున విదర్భకు బోవుచు, దారిలోని తాండ్రచెట్టును రెప్పపాటున జూచి, దాని రెండు కొమ్మలయందలి కాయలు 2,095 అని చెప్పెను. బాహుకరూపుడైన నలుడు నమ్మక, రథము నిలిపి, చెట్టు నఱికి లెక్కింపగా సరిపోయెను. విస్మితుడై యా విద్య నీయుమని వేడుకొనగా, ఋతుపర్ణు డక్షహృదయము నుపదేశించెను. ఇచ్చట విచారింపదగిన దేమనగా, కాయలు లెక్కించు విద్యయు, జూదపు మర్మమును భారతకారునికి నొక్కటే విద్య. తాండ్రకాయలే ప్రాచీనులకు జూదపుగవ్వలు గదా! భాగమును జూచి సమస్తమును జెప్పుటయు, పాచిక యెట్లు పడునో యెఱుగుటయు నొకే తల్లి బిడ్డలని మనవారు గుర్తించిరి. విద్య వచ్చినంతనే నలుని శరీరమునుండి కలి వెడలిపోయినాడని కూడ వ్రాసిరి.

ఆధునిక కాలమున నీ విద్యకు బెద్దలైనవారిలో తెలుగువారొకరు గలరు. కల్యంపూడి రాధాకృష్ణారావుగారు 1920లో హూవిన హడగలిలో జన్మించి, విశాఖపట్టణపు ఆంధ్ర విశ్వకళాపరిషత్తులో గణితము జదివి, కలకత్తా చేరిరి. భాగమునుండి సమస్తము నెంతవఱకు సరిగా నంచనావేయవచ్చును, ఎంతటి నేర్పరికైన దాటరాని హద్దేది యను ప్రశ్నకు, 1945లో, ఇరువదియైదేండ్ల ప్రాయమున, జగమంతయు నంగీకరించిన సమాధానము జెప్పిరి. నూటరెండేండ్లు జీవించి 2023లో పరమపదించిరి. వారికిని బేస్‌బాల్‌కును సంబంధము లేదు. కాని ఏ లెక్కవాడైన వారు గీసిన హద్దులోనే మెలగవలయును.

ఆ శాస్త్రమును బేస్‌బాల్‌కు బట్టించి చూపినవారు బ్రాడ్లీ ఎఫ్రాన్, కార్ల్ మోరిస్ అను నిద్దఱు పండితులు. 1970వ ఏటి ఆటగాండ్రలో పదునెనిమిదిమందిని దీసికొని, ఒక్కొక్కడు మొదటి 45 అవకాశములలో నెన్ని కొట్టెనో చూచిరి. దానినిబట్టి మిగిలిన యేడాదిలో నెట్లు కొట్టునో చెప్పవలయును. మనము చేయు పని యేమి? 45లో 18 కొట్టినవాడు, అనగా వేయింట 400 వంతున కొట్టినవాడు, ఇకమీదను నట్లే కొట్టుననుకొందుము. వారట్లు చేయలేదు. పదునెనిమిదిమంది సగటు వేయింట 265. ప్రతివానిని నా సగటువైపునకు లాగిరి. కొట్టినవాని గొట్టనివానిని గూడ, తేడాలో నించుమించు నైదవవంతు మాత్రమే మిగులునట్లు లాగిరి. వినుట కన్యాయమువలె దోచును. ఏడాది తుదను జూడగా, పదునెనిమిదిమందిలో పదాఱుగురి విషయమున వీరి యంచనాయే సత్యమునకు దగ్గఱయై, మొత్తపు తప్పు మూడవవంతు కంటె దక్కువయ్యెను. మొదట మెఱసినవాడు కొంత తగ్గుట, మొదట తడబడినవాడు కొంత కోలుకొనుట లోకసహజము. పొడవైన తండ్రుల కొడుకులు పొడవైనను తండ్రులంతగా గారని ఫ్రాన్సిస్ గాల్టన్ 1886లో వ్రాసినదియు నిదియే.

ఇక నా పదునెనిమిదిమందిలో నొకని మాట చెప్పవలయును. వేయింట 400 కొట్టినవాడు రాబర్టో క్లెమెంటే. ప్యూర్టో రికో ద్వీపవాసి. పండితులు వానిని సగటువైపునకు లాగి, ఇకమీద వేయింట 294 కొట్టునని చెప్పిరి. అతడు 346 కొట్టెను. ఏలన, వాడు పదునెనిమిదిమందిలో నొకడు కాడు, వాడు క్లెమెంటే. వానికి వెనుక పదునైదేండ్ల చరిత్ర యుండెను. ఆ లెక్కలో నది చేరలేదు. 1972 డిసెంబరు 31న నికరాగువా భూకంప బాధితులకు సరకులు గొనిపోవుచు విమానప్రమాదమున నతడు మరణించెను. లెక్క గుంపునకు న్యాయము చేసినది. ఒక్కనికి జేయలేదు.

ఇది చదివిన రాత్రి నాకు నిద్రపట్టలేదు. కారణము దాచను. ముప్పదియైదేండ్ల క్రిందట, నేను పదవతరగతికి జెప్పుచుండగా, అర్ధసంవత్సర పరీక్షలైన పిమ్మట నొక రైతు వచ్చి, "పంతులుగారూ, ఉన్నమాట చెప్పండి. మావాడు గట్టెక్కుతాడా? లేదంటే సంక్రాంతి నుంచే అరక పట్టిస్తాను" అనెను. పిల్లవానికి గణితమున 19 మార్కులు. అట్టి మార్కులు వచ్చినవారిలో పదింటికి తొమ్మండుగురు తప్పుట నేను జూచియుంటిని. నా లెక్క తప్పు కాదు. "కష్టమే" యంటిని. ఒక్కటే మాట. పిల్లవాడు బడి మానెను. వేసవిలో హాజరుపట్టికలు గట్టలు గట్టుచు జూడగా, పరీక్షకుముందు వాడు ఇరువది దినములు చలిజ్వరముచే బడిలో లేడని తెలిసినది. ఆ పట్టిక నా బల్లసొరుగులోనే యుండెను. తండ్రి యడిగినపుడు దానిని దీసి చూడవలెనని నాకు దోచలేదు. మఱుసటి జూన్‌లో వారింటికి బోయితిని. పిల్లవాడు ఎడ్లకు నీళ్లు పెట్టుచు నన్ను జూచి నమస్కరించెను. తండ్రి కుర్చీ వేసి మజ్జిగ యిచ్చి, పొలమున మనిషి కావలెననెను. నేను మఱేమియు ననలేక తిరిగివచ్చితిని.

కావున నడియేటి లెక్క యెవరి జీవితము నెట్లు తాకునో చూచి ముగించెదను. జట్లు ఆటగాండ్రను మార్చుకొనుటకు జూలై చివర నొక గడువు గలదు. గెలుపుపై నాశగలవారు బలవంతులను గొందురు. ఆశవదలినవారు తమ బలవంతులనిచ్చి చిన్నవారిని దీసికొందురు. 1997 జూలై 31న చికాగో వైట్ సాక్స్ జట్టు 52 గెలిచి 53 ఓడి, ముందున్న క్లీవ్‌లండ్ జట్టుకు మూడున్నర యాటలు మాత్రమే వెనుకనుండెను. యజమాని యాశవదలెను. బంతివిసరుటలో మేటులైన ముగ్గురిని శాన్‌ఫ్రాన్సిస్కో జట్టుకిచ్చి, ఆఱుగురు చిన్నవారిని దీసికొనెను. ఊరిజనులు దీనికి "తెల్లజెండా బేరము" అని పేరుపెట్టి నేటికిని తిట్టుచున్నారు. ఆ సగము గెలుపు సగము ఓటమి లెక్కలో నొక సంగతి దాగియున్నది. జట్టులో మేటియైన రాబిన్ వెంచురా మార్చినెలలో చీలమండ విఱిగి, నాలుగు నెలలు మంచముపట్టి, జూలై 24న, అనగా బేరమునకు వారముముందు, తిరిగివచ్చెను. ఆ 105 ఆటలలో నించుమించు నన్నియు వాడు లేకయే యాడినవి. హాజరుపట్టిక వంటిదే యిదియు.

బేరము పిమ్మట మిగిలినవారు 28 గెలిచి 28 ఓడిరి. ఆఱు యాటలు వెనుకబడి ముగించిరి. క్లీవ్‌లండ్ వారు 86 గెలిచి, ప్రపంచమాలిక వఱకు బోయిరి. మేటులను గొనిన శాన్‌ఫ్రాన్సిస్కో జట్టు తన విభాగమున మొదటిదయ్యెను గాని, తరువాతి పోటీలో మూడింట మూడు నోడెను. దీనికి ప్రతిగా 2019లో వాషింగ్టన్ జట్టు మే 23 నాటికి 19 గెలిచి 31 ఓడియుండెను. వారు జట్టును విడగొట్టలేదు. ఆ యేడే ప్రపంచమాలిక గెలిచిరి.

మఱి చికాగో యజమాని తప్పినట్లేనా? మనుమని నడిగితిని. వాడు తెరమీద వెదకి చెప్పెను. ఆ యాఱుగురు చిన్నవారిలో కీత్ ఫౌక్, బాబ్ హౌరీ యనువారిద్దఱు పెరిగి పెద్దవారై, 2000 సంవత్సరమున చికాగో జట్టు 95 ఆటలు గెలిచి విభాగమున మొదటిదగుటకు దోడ్పడిరి. పిదప వారిద్దఱును వేఱు జట్లకు వెడలిరి. 2004 అక్టోబరు 27న, 86 ఏండ్లుగా ప్రపంచమాలిక యెఱుగని బోస్టన్ జట్టు దానిని గెలిచినపుడు, చివరిబంతి విసరి, చేతికి చిక్కిన బంతిని మొదటిమూలకు వేసినవాడు ఆ ఫౌక్‌యే. మఱుసటి యేడు, 2005లో, 88 ఏండ్ల తరువాత చికాగో వైట్ సాక్స్ వారు గెలిచిరి. అప్పటికి ఫౌక్ వారి చెంత లేడు.

"అయితే ఆ బేరంలో ఎవరు గెలిచినట్టు తాతయ్యా?" అని మనుమడడిగెను. ఏ సంవత్సరము వఱకు లెక్క వేయవలెనో చెప్పుమంటిని. వాడు కొంతసేపాలోచించి, తెర మూసి, ఆనాటి యాట చూచుటకు నన్ను రమ్మనెను.